‘నీళ్ళు పడలేదు’ అనగా నేమి?

మన పల్లెలలో ఊరు మారినవానికి కడుపు చెడినచో పెద్దలు చెప్పు కారణము ఒక్కటే: ‘నీళ్ళు పడలేదు’. పెళ్ళికని పొరుగు జిల్లాకు పోయినవానికిని ఇదే మాట. ఉద్యోగమునకై చెన్నపట్నము చేరినవానికిని ఇదే మాట. నేడు నెల్లూరు జిల్లా సముద్రతీరమున గల అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతములనుండి కూడ యువతీయువకులు పై చదువులకై బ్రిటను, అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు పోవుచున్నారు. వారితోపాటు ఈ మాటయు విమానమెక్కి పోయినది.

కొంతకాలము క్రిందట ఒక రాత్రి ఇట్టి తీరగ్రామమునుండి నాకు ఫోను వచ్చినది. మాటలాడినవారు నా పూర్వవిద్యార్థి యొకని తండ్రి. “సార్, మావోడు ఇంగ్లండులో వాంతులతో పడున్నాడంట. ఆడ నీళ్ళు పడలేదంటున్నాడు. మీరొక మాట మాట్లాడి ధైర్యం చెప్పండి సార్” అని ఆయన కోరినారు. నేను ఆ యువకునితో మాటలాడి, ఏమి తిన్నావు, ఎప్పుడు తిన్నావు, వాంతి ఎప్పుడు మొదలైనది అని మూడు ప్రశ్నలు వేసితిని. ఆదివారము మధ్యాహ్నము కరెంటు కుక్కరు నిండ అన్నము వండినాడట. ఒక పూట తిని, మిగిలినది కుక్కరులోనే మూతపెట్టి బల్లమీద ఉంచినాడట. సోమవారము రాత్రి దానినే పొగలు వచ్చునట్లు వేడిచేసి, ఇంటినుండి తెచ్చుకొన్న ఊరగాయతో తిన్నాడట. రెండు గంటలు కాకమునుపే వాంతులు పట్టుకొన్నవి.

అతడు ఆ నగరమునకు వచ్చి అప్పటికి నాలుగు నెలలు. నాలుగు నెలలు పడిన నీరు అయిదవ నెలలో పడకపోవుట ఏమి? తెల్లవారుసరికి అతడు తేరుకొన్నాడు. పరీక్షశాలలో నిర్ధారణ జరుగలేదు గాని, లక్షణములన్నియు ఒక్క వస్తువునే వేలెత్తి చూపుచున్నవి. అది నీరు కాదు, ఊరగాయ కాదు, అన్నము. మనము దేనిని అన్నిటికంటె సాధువైన ఆహారమని నమ్ముదుమో అదియే.

సామెతలోని సత్యము

‘నీళ్ళు పడలేదు’ అను మాటలో కొంత నిజము లేకపోలేదు. కొత్త దేశమునకు పోయినవారికి తొలి రెండు వారములలో తరచుగ కలుగు విరేచనములకు ‘ప్రయాణికుల అతిసారము’ అని పేరు. దీనికి ముఖ్యకారణము ఎషరీషియా కోలై అను బాక్టీరియాలలోని ఒక తెగ. కోలై మనయందరి ప్రేగులలోను నివసించును. వానిలో చాలభాగము మనకు హాని చేయవు. ఈ తెగ మాత్రము ప్రేగుగోడను అంటిపట్టుకొని టాక్సిన్ అను విషపదార్థమును విడుచును. ఆ విషము తగిలిన ప్రేగు, నీటిని లవణములను లోనికి పీల్చుకొనుటకు బదులు వెలుపలికి కార్చును.

సూక్ష్మజీవియే కాక, అది విడిచిన విషమే ప్రేగు నీరు కార్చుటకు చాలునని కలరా విషయమున రుజువు చేసినవారు కలకత్తాకు చెందిన శంభునాథ్ డే. కలరా సూక్ష్మజీవులను ఒక ద్రవములో పెంచి, ఆ ద్రవమును జీవులు లేకుండునట్లు వడగట్టి, కుందేటి ప్రేగులో ప్రవేశపెట్టి ఆయన పరీక్షించినారు. జీవి లేకపోయినను ప్రేగు ద్రవముతో ఉబ్బినది. ఈ ఫలితము 1959లో వెలువడినది. అంతకుముందే, 1956లో, కోలైలోని కొన్ని రకములను కూడ ఆయన బృందము ఇట్లే కుందేటి ప్రేగుపై పరీక్షించి, వాని దుష్టస్వభావమును చూపినది.

ఒక ప్రాంతమున పుట్టి పెరిగినవారికి అచటి క్రిములతో పసితనమునుండి పరిచయముండును. శరీరము కొంత రక్షణశక్తిని సంపాదించుకొనును. కొత్తగా వచ్చినవారికి ఆ శక్తి లేదు. అందువలననే అమెరికాలో పుట్టి, సెలవులకు నెల్లూరిలోని తాతగారింటికి వచ్చిన పిల్లలకు కడుపు చెడును. అదే బావినీరు త్రాగు మేనత్త పిల్లలకు ఏమియు కాదు. నీరు ఒక్కటే, అలవాటు వేరు. ఈ మేరకు పెద్దల మాట సరియైనదే.

అయితే బ్రిటను వంటి దేశములలో కుళాయినీరు చక్కగ శుద్ధిచేయబడి వచ్చును. మనదేశమునుండి అచటికి పోయినవానికి కడుపు చెడినచో నీటిని నిందించుటకు ముందు వంటగదిని చూడవలెను. ‘నీళ్ళు పడలేదు’ అనుకొన్నచో మరునాడును అదే కుక్కరు, అదే బల్ల. కారణము తప్పుగ తలచినవాడు పొరపాటును దిద్దుకొనజాలడు.

కాలమే సాక్షి

ఆహారమువలన కలుగు జబ్బులలో కారణము నూహించుటకు మంచి సాధనము గడియారము. తినుటకును జబ్బు మొదలగుటకును మధ్య గడచిన కాలము క్రిమిని బట్టి మారును. సూక్ష్మజీవులు కడుపులోనికి పోయి, అచట పెరిగి, ఆ పిమ్మట హాని చేయవలెనన్న వానికి వ్యవధి కావలెను. పైన చెప్పిన కోలై తెగకు సాధారణముగ 1 నుండి 3 దినములును, కోడిమాంసమునందుండు కాంపిలోబాక్టరు అను దానికి 2 నుండి 5 దినములును పట్టును. అట్లుకాక, తిన్న అరగంట మొదలు 6 గంటల లోపల వాంతులు మొదలైనచో, విషము ఆహారములోనే ముందుగ తయారై యుండెనని అనుమానింపవలెను. ఇట్లు చేయువానిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి చేతి పుండ్లనుండి, ముక్కునుండి ఆహారమునకు చేరు స్టాఫిలోకాకస్; రెండవది అన్నమును ఆశ్రయించు బాసిల్లస్ సీరియస్. మన విద్యార్థి కథలో గడియారము చెప్పిన సాక్ష్యము ఇదియే.

మైనపు రంగు క్రిమి

బాసిల్లస్ సీరియస్‌ను 1887లో ఫ్రాంక్‌లాండ్ దంపతులు వర్ణించినారు. ‘సీరియస్’ అనగా లాటిను భాషలో మైనము వంటిదని అర్థము. ఇది మట్టిలో నివసించునది. కనుక మట్టిలో పెరిగిన వరిగింజకు దీని తోడు సహజము. మాగాణి పంటకు పేరుపొందిన మన నెల్లూరు బియ్యమైనను, మరి యే దేశపు బియ్యమైనను ఇందుకు మినహాయింపు కాదు.

ఈ క్రిమికి ఒక ప్రత్యేకశక్తి కలదు. పరిస్థితులు అనుకూలింపనప్పుడు ఇది గట్టి కవచము గల సిద్ధబీజముగ మారి నిద్రించును. అన్నము ఉడుకునప్పటి 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి మామూలు బాక్టీరియా చచ్చును. ఈ సిద్ధబీజములలో కొన్ని బ్రదుకును. అంతేకాదు, ఆ వేడియే వానిని నిద్రలేపును. అన్నము గోరువెచ్చనగునప్పటికి అవి మొలకెత్తి, పోటీ లేని చోట, తడియు పిండిపదార్థమును పుష్కలముగ గల చోట పెరుగనారంభించును.

వాని పెరుగుదలను లెక్కవేయుదము. వెచ్చని అన్నములో ఈ క్రిమి అరగంటకొకసారి రెట్టింపగునని అనుకొందము. గ్రాము అన్నములో ఒక్కటి ఉన్నను, 10 గంటలలో 20 మార్లు రెట్టింపగును. 2ను 20 మార్లు హెచ్చవేయగా వచ్చునది 10,48,576. ఉదయము ఒక్కటి, రాత్రికి పది లక్షలు! గ్రామునకు లక్ష దాటినచో ఆ ఆహారము ప్రమాదకరమని ఎంచుదురు. అన్నపు రంగు, రుచి, వాసన మారకపోవచ్చును. ‘పాచిపోలేదు గదా’ అని తినువాడు మోసపోవుట ఇందువలననే.

ఈ క్రిమి రెండు విధములుగ బాధించును. మొదటిది విరేచనముల రూపము. నార్వే దేశపు శాస్త్రజ్ఞుడు స్టైనార్ హౌగె ఓస్లో నగరమున వెనిల్లా సాసు తినిన అనేకులు జబ్బుపడుటను పరిశోధించి, ఈ క్రిమియే దోషియని తలచెను. నమ్మనివారిని నమ్మించుటకు సాసులో ఈ క్రిమిని పెంచి తానే త్రాగి, సుమారు 13 గంటలకు కడుపునొప్పితో, నీళ్ళవిరేచనములతో బాధపడెను. రెండవది వాంతుల రూపము. ఇది 1971 మొదలు బ్రిటనులో చైనా భోజనశాలల వేపుడన్నము తిన్నవారియందు గుర్తింపబడినది. ముందురోజు రాశులుగ వండి, ఆరుబయట ఉంచి, మరునాడు వేయించి వడ్డించిన అన్నమే అందుకు కారణము. మన విద్యార్థి వంటకును దానికిని భేదమేమి?

వేడికి లొంగని విషము

‘బాగుగ వేడిచేసే తిన్నాను సార్’ అని ఆ విద్యార్థి పదేపదే చెప్పినాడు. వేడిచేసిన అన్నియు చచ్చునను నమ్మకము మనలో లోతుగ నాటుకొన్నది. క్రిములు చచ్చును, నిజమే. వాంతులు కలిగించు విషము మాత్రము చావదు.

ఈ విషమునకు సీరియులైడ్ అని పేరు. కోడిగ్రుడ్డు తెల్లసొన ప్రోటీను. అది మడతలు పడిన పొడుగాటి గొలుసు. వేడి తగులగానే మడతలు విడిపోయి గడ్డకట్టును, తొలిరూపము నశించును. అనేక జీవవిషములు ఇట్టి ప్రోటీనులగుటచే వేడికి పాడగును. సీరియులైడ్ అట్టిది కాదు. ఇది 12 అంగములు గల చిన్న ఉంగరము. అందు 6 అమైనో ఆమ్లములు, 6 హైడ్రాక్సీ ఆమ్లములు ఒకటి విడిచి ఒకటిగ కూర్చబడియున్నవి. విడిపోవుటకు కొసలు లేవు, చెదరుటకు మడతలు లేవు. ప్రెషరు కుక్కరులోని 121 డిగ్రీల వేడిలో గంటకు పైగా ఉంచినను ఇది నశింపదు. జీర్ణాశయపు ఆమ్లమునకును లొంగదు. కడుపులోని నాడిని రేపి వాంతి తెప్పించును. కణములకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలలోనికి పొటాసియం అయానులను చేరవేసి వాని పనిని చెరచును.

చాలమందికి ఈ జబ్బు ఒక దినములో తగ్గును. అందరికి తగ్గునని ధీమాగ ఉండరాదు. 2008లో బెల్జియం రాజధాని బ్రస్సెల్సులో 20 ఏండ్ల విద్యార్థి యొకడు అయిదు దినములు వంటగదిలో బయటనే ఉంచిన స్పగెటీని వేడిచేసి తిని, అరగంటలో వాంతులకు లోనై, ఆ రాత్రియే నిద్రలో మరణించెను. కాలేయము దెబ్బతిన్నట్లు పరీక్షలో తేలినది. మిగిలిన స్పగెటీలో ఈ క్రిమి విస్తారముగ కనబడినది. 2011లో వైద్యపత్రికలో ఈ సంగతి ప్రకటితమైనది. ఇట్టి మరణములు మిక్కిలి అరుదు. అయినను కన్నబిడ్డను దూరదేశమునకు పంపిన తల్లిదండ్రులకు అరుదను మాట ఊరట కాజాలదు.

ఇంట కానిది అక్కడ ఏల?

మన యిండ్లలో ఏ పూటకాపూట అన్నము వండుదురు. రాత్రి మిగిలినచో నీరో మజ్జిగయో పోసి ఉంచుదురు. అందు లాక్టిక్ ఆమ్లమును తయారుచేయు మంచి బాక్టీరియా పెరిగి పులుపెక్కును. పులుపు హెచ్చిన చోట సీరియస్ వృద్ధి మందగించును. అంతమాత్రమున చద్దన్నము ఎల్లప్పుడు నిరపాయమని భావింపరాదు. శుభ్రత, కాలము అచటను ముఖ్యములే. నెల్లూరు చేపల పులుసు మరునాటికి రుచి హెచ్చుననుటలోను చింతపండు పులుపునకు పాత్ర కలదు. ఊరగాయలో పులుపును ఉప్పును కలసి కాపలా కాయును. తెల్లని వట్టి అన్నమునకు ఈ కాపలా ఏదియు లేదు.

పరదేశమున విద్యార్థికి తరగతులు, వాటితోపాటు కొలువు. రోజూ వండుటకు తీరిక లేదు. ఆదివారమొకసారి వారమునకు సరిపడ వండును. బయట మంచు కురియుచున్నది గనుక వంటకము చెడదని తలచును. కాని గది లోపల 20 డిగ్రీలు ఉండునట్లు వేడి యంత్రము పనిచేయుచుండును. క్రిమికి కావలసినది గదిలోని వాతావరణము. కిటికీ బయటి మంచుతో దానికి పనిలేదు.

ఇంకొక చిక్కు భౌతికశాస్త్రమునకు సంబంధించినది. పెద్ద పాత్రలోని అన్నము పైకి చల్లబడినను నడుమ వేడిగనే ఉండును. 10 సెంటీమీటర్ల ఘనాకారముగ లీటరు అన్నము ఉన్నదనుకొందము. దాని ఉపరితలము 600 చదరపు సెంటీమీటర్లు. దానినే 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు గల పళ్ళెములో 2 సెంటీమీటర్ల మందమున పరచినచో ఉపరితలము 1,180 చదరపు సెంటీమీటర్లగును, దాదాపు రెట్టింపు. అంతకన్న ముఖ్యమైనది, నడిమధ్యనుండి ఉపరితలమునకు గల దూరము 5 సెంటీమీటర్లనుండి 1 సెంటీమీటరునకు తగ్గుట. లోపలి వేడి పైకి ప్రాకుటకు పట్టు కాలము దూరపు వర్గమును బట్టి పెరుగును. దూరము 5వ వంతైనచో ఆ కాలము రమారమి 25వ వంతగును. మూతపెట్టిన కుక్కరు, క్రిమి పెంచు పొదుగుడు పెట్టెతో సమానము.

కావున నియమములు సులభములు. తినునంత వండుట ఉత్తమము. మిగిలినచో వెడల్పు పళ్ళెములో పలుచగ పరచి, గంటలోపల ఫ్రిజ్జులో పెట్టవలెను. ఫ్రిజ్జు 5 డిగ్రీలకు మించరాదు. అట్లుంచిన అన్నమును కూడ ఒక దినములోపల తినవలెనని బ్రిటను ఆరోగ్యశాఖవారి సలహా. ఒకసారి మాత్రమే వేడిచేయవలెను. బయట రాత్రంతయు ఉండిన అన్నమును, ఎంత కష్టపడి సంపాదించినదైనను, పారవేయవలెను. ‘అన్నం పరబ్రహ్మ స్వరూపం’ అని పెరిగిన మనకు ఇది బాధాకరమే. తక్కువ వండుటయే ఆ బాధకు మందు.

కోడి, చేప

అన్నముతోపాటు మరి రెండు హెచ్చరికలు. మన యిండ్లలో కోడిమాంసమును పసుపు వేసి రెండు మూడు మార్లు కడుగుదురు. 2014–15లో బ్రిటనులో దుకాణపు కోళ్ళను పరీక్షింపగా నూటికి 73 కోళ్ళయందు కాంపిలోబాక్టరు కనబడినది; తరువాతి సంవత్సరములలో ఈ సంఖ్య తగ్గినది. పచ్చికోడిని కుళాయిక్రింద కడిగినచో తుంపరలు ఎగిరి చేతులపై, గిన్నెలపై, ప్రక్కనున్న కూరముక్కలపై క్రిములను చల్లును. కడుగకుండ నేరుగ వండవలెనని అచటివారు చెప్పుట అందులకే. ఈ క్రిమి వేడికి చచ్చును గనుక పూర్తిగ ఉడికిన మాంసమున భయము లేదు.

సముద్రతీరమువారికి చేప, రొయ్య ప్రాణప్రదములు. వెచ్చని తీరజలములలో విబ్రియో పారాహీమోలిటికస్ అను క్రిమి సహజముగ నివసించును. 1950లో జపానులోని ఒసాకాలో చిన్నచేపలు తిని 272 మంది జబ్బుపడి 20 మంది మరణించినప్పుడు ఫుజినో అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. పులుసులో తెర్లిన చేపయందు ఇది బ్రదుకదు. మైపాడు ఒడ్డున పచ్చిచేప తినని మనవాడు పరదేశమున స్నేహితులతో కలసి పచ్చి ఆల్చిప్పలు తినునప్పుడు, తన ఊరి వంటలోని రక్షణను వదలుకొనుచున్నాడని గ్రహింపవలెను.

జబ్బుపడినచో

వాంతులు, విరేచనములు మనిషిని కూల్చుట నీరు, లవణములు పోవుటవలననే. ప్రేగుగోడలో గ్లూకోజును సోడియమును జంటగ లోనికి చేర్చు మార్గము కలదు. అతిసారమునందును ఆ తలుపు మూతపడదు. దీనిపై ఆధారపడినదే ఓఆర్ఎస్ ద్రావణము. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరములో కలరా ప్రబలగా, సూదిమందు ద్రవములు చాలనప్పుడు, డాక్టరు దిలీప్ మహలానబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి, నూటికి 30 వరకు ఉన్న మరణములను 4 లోపునకు తగ్గించిరి. పొట్లము దొరకనిచో లీటరు మంచినీటిలో 6 సమతల చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగ త్రాగవలెను. చెంచా అనగా చిన్న టీ చెంచా.

ఇంటినుండి తీసుకొనిపోయిన యాంటీబయాటిక్ మాత్రలను తోచినట్లు మ్రింగరాదు. అవి క్రిమిని చంపును గాని, ఆహారములో ముందే తయారైన విషమును ఏమియు చేయజాలవు. రక్తము పడుట, తీవ్రజ్వరము, గ్రుక్కెడు నీరు నిలువకపోవుట, మూత్రము తగ్గుట, మగత, కన్నులు పచ్చబడుట, రెండు దినములకును తగ్గకపోవుట — వీనిలో ఏది కనబడినను తడవు చేయక వైద్యుని చూడవలెను. ఖర్చునకో మొగమాటమునకో గదిలో ఒంటరిగ పడియుండుట మంచిది కాదు. ప్రక్కగదివారికైనను చెప్పియుంచవలెను.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని సులభముగ చూపవచ్చును. కాగిన నీటిని రెండు సమభాగములు చేసి, ఒకదానిని మూత గల లోతు గిన్నెలోను, రెండవదానిని వెడల్పు పళ్ళెములోను పోయించుడు. పది నిమిషముల కొకసారి ఉష్ణమాపకముతో కొలిచి, కాలము ఒక అక్షముపై, ఉష్ణోగ్రత రెండవ అక్షముపై గుర్తించి గ్రాఫు గీయించుడు. 60 డిగ్రీలకును 20 డిగ్రీలకును మధ్య ఏ పాత్ర ఎంతకాలము నిలిచినదో పిల్లలే చెప్పుదురు. సీరియస్ హాయిగ పెరుగునది ఆ నడిమి వేళలోనే.

ఆ విద్యార్థి ఇప్పుడు కుక్కరు ప్రక్కన ఒక వెడల్పు పళ్ళెమును ఉంచుకొన్నాడు. వాళ్ళ నాన్న మొన్న కనబడి, “నీళ్ళు కాదంట గదా సార్, అన్నమంట” అన్నారు. పై చదువులకు పోవువారికి తల్లిదండ్రులు ఊరగాయలు, పొడులు కట్టియిత్తురు. ఈ గ్రాఫును కూడ వారి పెట్టెలో పెట్టి పంపుట మన బడుల పని.